కత్తిరింపుల డబ్బా

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులతో రాస్తున్నది.

నీ ఉత్తరం పోయిన పడవలో వచ్చి చేరింది. ఇక్కడ అందరం క్షేమం, నీ క్షేమం తెలుపుతూ ఉండు అని రాయడం నా చేతికి ఏళ్ళ తరబడి అలవాటు. ఈసారి ‘క్షేమం’ దగ్గరికొచ్చి కలం నిలిచిపోయింది. అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తెలివిగానే ఉంది, మాట్లాడుతోంది, నాతో తప్ప అందరితోనూ. నేను తింటున్నాను, తిరుగుతున్నాను. ప్రస్తుతానికి మా క్షేమం ఇంతే.

నీ దీవిలో టెలిఫోను లేదని ఇన్నాళ్ళూ తిట్టుకునేవాణ్ణి. గాలి ఎటు వీస్తోందో చెప్పుకోవడానికి రేడియో పెట్టి, కన్నవాళ్ళతో మాట్లాడుకోవడానికి పదిహేను రోజులకో పడవ పెట్టిన మీ వాతావరణం ఆఫీసుని ఏమనాలో తెలిసేది కాదు. ఈ ఉత్తరం విషయంలో మాత్రం పడవే నయం. నోటితో చెప్పాల్సి వస్తే మధ్యలో ఏదో జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. నా సంగతి నీకు తెలుసు కదా.

నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాను. నువ్వడిగినవాటిలో తేలికైనవి ముందు రాస్తాను.

అమ్మ కుట్టుమిషనుకి నూనె వేస్తున్నారా అన్నావు. వేస్తున్నాను. ఆదివారం ఆదివారం కాసేపు ఉత్తినే తొక్కుతున్నాను కూడా, బిగుసుకుపోకుండా. బడి యూనిఫారాలు ఇరవై రెండు చొక్కాలు కాలర్లు లేకుండా బల్ల మీద అలాగే ఉండిపోయాయి. అమ్మ రెండోసారి ఇంటికొచ్చినప్పుడు, బడులు తెరిచే రోజు దగ్గర పడిందని నా మాట వినకుండా కూర్చొని కొన్ని కుట్టింది. మిగతావి మొన్న పక్కవీధి దర్జీ వచ్చి పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్తూ, “మీ ఆవిడ కుట్టినట్టు కాలరు నాకు రాదండీ, ఏమనుకోవద్దని చెప్పండి” అన్నాడు. చెబుదామంటే ఆవిడ నాతో మాట్లాడాలి కదా.

అమ్మ ఏం తింటోందని అడిగావు. పలచటి గంజి, ఉడకబెట్టిన బంగాళాదుంప, అరటిపండులో సగం. తిన్న అరగంటకల్లా బాత్రూంకి లేవాలి. నర్సు పట్టుకుంటే గాని నడవలేదు. యాభై ఎనిమిది కిలోల మనిషి ముప్పై ఆరుకి దిగింది. నిన్న గాజులు తీసి దిండు కింద పెట్టుకుంది, ముంజేతికి నిలవడం లేదట.

గది వేరేగా ఇచ్చారు. తలుపు మీద ఎర్ర కాగితం అంటించి ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు పైన ఇంకో అంగీ, చేతులకి తొడుగులు వేసుకోవాలి. బయటికి రాగానే సబ్బుతో, పారే నీళ్ళ కింద మోచేతుల దాకా కడుక్కోవాలి. సీసాలో ఉండే ఆ చల్లటి శానిటైజరు జిగురు రాసుకుంటే చాలదు. అమ్మ పేగులో చేరిన ఈ పురుగు గింజలా గట్టిపడి కూర్చుంటుంది, దానికి స్పిరిట్ అంటే లెక్కలేదు. ఇన్నేళ్ళుగా ఆ జిగురు సీసాలు అమ్మినవాణ్ణి, నాకు ఆ సంగతి ఆయా చెబితే తెలిసింది.

ఇక నువ్వు గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. “పన్నుకి వాడిన ఐదు రోజుల మందుకే అమ్మ ఇంత అయిపోతుందా నాన్నా?” అని.

కడుపు డాక్టరమ్మ నాకు చెప్పినట్టే నీకు చెబుతాను. నీకన్నా మూడు నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది, అంతే. మొదటి రోజు ఆవిణ్ణి చూసి, ఈ పిల్లా నాకు చెప్పేది అనుకున్నాను. వీధిలో అందరూ నన్ను సగం డాక్టరు అంటారాయె. ఆ పిల్లే ఒక కాగితం మీద పేగు బొమ్మ గీసి ఇలా చెప్పింది. “ఇందులో లెక్కకి అందనన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయండీ. మనం అరిగించుకోలేనిది వాటికి తిండి. అవి తిని వదిలింది పేగు గోడకి తిండి. ఏది మన శత్రువో, ఏది కాదో ఒంటికి నేర్పేది కూడా చాలావరకు అవే. చోటంతా అవే నిండి ఉంటాయి కాబట్టి చెడ్డ పురుగు వచ్చినా కూర్చోడానికి జాగా దొరకదు. యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు మనకి కావలసిన పురుగు ఒక్కటే చావదు, ఇవీ చస్తాయి. ఒక్కసారి అయితే మెల్లగా మళ్ళీ పుంజుకుంటాయి. పుంజుకునేలోపు మళ్ళీ మళ్ళీ కొడితే జాగా ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీలో మీ ఆవిడకి పట్టిన పురుగు దిగింది. అది విషం కక్కుతోంది. పేగు లోపలంతా పుండు.”

మళ్ళీ మళ్ళీ కొడితే, అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడకి ఏమీ తెలియదు. నేను బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాను.

అందుకని మనింట్లో ఉన్న డబ్బా గురించి రాయాలి. నీకు తెలిసిన డబ్బానే, కాని ఎప్పుడూ ఎవరూ దాని గురించి రాయలేదు.

మన మందుల షాపులో జనం పది మాత్రల స్ట్రిప్పు మొత్తం కొనరు. నాలుగు చాలు అంటారు, ఆరు చాలు అంటారు. కత్తెరతో కత్తిరించి ఇస్తాం. మిగిలిన ముక్క మీద ఒక్కోసారి పేరు ఉండదు, ఒక్కోసారి తేదీ ఉండదు. అది అమ్మకూడదు, కంపెనీ వెనక్కి తీసుకోదు. మందు పారేయడం నా వల్ల కాని పని. అమ్మ బొత్తాలు దాచుకునే బిస్కెట్ల డబ్బా అడిగి తీసుకొని, ఆ ముక్కలన్నీ అందులో వేసి ఇంటికి తెచ్చేవాణ్ణి. తన గుడ్డపేలికల సంచిని చూపించి, “నాదీ కత్తిరింపులే, మీదీ కత్తిరింపులే” అని అమ్మ నవ్వేది. ఆ పేరే నిలిచిపోయింది.

నీకు ముక్కు కారితే డబ్బా. పరీక్షల ముందు తుమ్మితే డబ్బా. అమ్మకి వేలికి సూది గుచ్చుకుంటే డబ్బా. మూడు తెల్లవి, రెండు ఎర్రవి, ఇంకొకటి ఏదో, ఉన్నన్ని రోజులు వేసి, అయిపోగానే ఆపేయడం. ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళని కుటుంబం మాది అని షాపులో గొప్పలు చెప్పుకున్నాను. నువ్వు దీవికి బయల్దేరిన రోజున చిన్న డబ్బా ఒకటి నింపి నీ పెట్టెలో పెట్టాను కూడా. ఎంత ముద్దుగా పెట్టానో.

పిన్నితో మాకు మాటల్లేకుండా పోయింది కూడా ఆ డబ్బా మీదే. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, అసలు సంగతి నీకు చెప్పలేదు. పిన్ని తన కూతుర్ని రెండు రోజులు మన దగ్గర వదిలి వెళ్ళింది. పాపకి చెవిపోటు వచ్చింది. పిన్ని ఏ మందూ వెయ్యొద్దని చెప్పి వెళ్ళినా, నేను క్యాప్సూల్ విప్పి పొడి పాలల్లో కలిపి పట్టాను. పాపకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పిన్ని వచ్చి డబ్బా తీసుకెళ్ళి వీధిలో బోర్లించింది. “నా బిడ్డ మీద నీ చెత్తబుట్ట కుమ్మరిస్తావా?” అంది, అంతమంది ముందు, బావగారూ గీవగారూ ఏమీ లేకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. ముక్కలన్నీ ఒక్కొక్కటీ ఏరుకొని మళ్ళీ డబ్బాలో వేసుకున్నాను. ఆరేళ్ళు వాళ్ళ గుమ్మం తొక్కలేదు, అమ్మని తొక్కనివ్వలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కూర్చొని చదువు తల్లీ.

పోయినసారి నీకు రాసిన ఉత్తరంలో, పన్ను డాక్టరు ఇచ్చిన మందు పడక అమ్మకి ఇలా అయిందని రాశాను. పన్ను డాక్టరు ఏ మందూ ఇవ్వలేదు. నొప్పి తగ్గడానికి రెండు మాత్రలు రాసి, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు, అంతే. వాపు చూసి భయపడి డబ్బాలోంచి ఇచ్చింది నేను. రెండు వారాలకి విరేచనాలు పట్టుకుంటే, అవి తగ్గడానికని ఇంకో రకం ఇచ్చింది నేను. తగ్గకపోతే మూడో రకం. పేగు కదలకుండా కట్టేసే మాత్ర కూడా ఇచ్చాను. ఆ పురుగు లోపల ఉన్నప్పుడు అలా కట్టేస్తే విషం లోపలే నిలిచిపోతుందట. నెల రోజులు అలా నడిచాక గాని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు.

అక్కడ డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్నే అది. “ఈ ఏడాదిలో యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?” అని. నేను వెంటనే, “లేదండీ. నేను మందుల షాపు మనిషిని, మా ఇంట్లో అనవసరంగా మాత్ర ముట్టుకోం” అన్నాను. అది నా పొరపాటు. అమ్మ పక్కనే కూర్చొని ఉంది. నా మొహం చూసి తల దించుకుంది.

ఆవిడ నమ్మింది. నమ్మి వేరే దారులన్నీ వెతికింది. గొట్టం వేసి చూశారు, గడ్డలేమో అన్నారు, క్షయ ఏమో అన్నారు. మూడు వారాలు. ఆ మూడు వారాల్లో అమ్మ పదకొండు కిలోలు తగ్గింది. ఒక్క చిన్న పరీక్ష, మలం గిన్నెలో ఇస్తే సాయంత్రానికి తేలిపోయేది. ఆఖరికి అది కూడా చేసి చూద్దామని చేస్తే ఆ పురుగు బయటపడింది. అప్పుడైనా చెప్పానా? మొహం చెల్లక పన్ను డాక్టరు మీద పెట్టాను. నీకూ అదే రాశాను.

అంతటితో ఆగలేదమ్మడూ. ఆ పురుగుకి మందిచ్చి తగ్గించి ఇంటికి పంపారు. పది రోజులు అమ్మ బాగానే ఉంది, ఎండలో కుర్చీ వేసుకొని కూర్చుంది. ఒకరోజు కొద్దిగా దగ్గు, ఒళ్ళు వెచ్చన. అడగకుండా ఏ మందూ వెయ్యొద్దని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నాకు భయం వేస్తే నా చెయ్యి ఎక్కడికి పోతుందో నీకు తెలుసు. నాలుగు క్యాప్సూల్స్. వారానికి మళ్ళీ మొదలైంది.

మళ్ళీ చేర్చాం, మళ్ళీ తగ్గింది, మళ్ళీ ఇంటికొచ్చింది, మళ్ళీ తిరగబెట్టింది. ఆ రెండోసారి నేను ఏమీ ఇవ్వలేదు. నీ మీద ఒట్టు, ఇవ్వలేదు. ఎందుకు తిరగబెట్టిందో డాక్టరమ్మకీ అర్థం కాలేదు. ఒక్కోసారి దానంతటదే వస్తుంది అంది. కాని ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు తెలుస్తోంది. ఇన్ని అబద్ధాలు ఆడిన నోటితో ఒక్క నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

అప్పుడే ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకొని, వడగట్టి, గొట్టం ద్వారా అమ్మ పేగులోకి ఎక్కించాలని నిర్ణయించారు. మంచి సూక్ష్మజీవుల్ని తీసుకెళ్ళి మళ్ళీ కాపురం పెట్టించడం అన్నమాట. ఆ సంగతి నీకు రాస్తే, నువ్వు ఒక్క క్షణం ఆలోచించకుండా “నేనిస్తాను, సెలవు పెట్టి తర్వాతి పడవకే వస్తాను” అని రాశావు. ఆ వాక్యం షాపులో కౌంటరు మీద పెట్టుకొని ఏడ్చాను. ఉత్తరం పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తాను.

డాక్టరమ్మ సంతోషించింది. ఒక ఫారం తీసి నీ వయసు అడిగింది, బరువు అడిగింది, జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగింది. చకచకా చెప్పాను. తర్వాత, “గత మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ వాడిందా మీ అమ్మాయి?” అంది.

లేదు అనబోయాను. మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు నీ ఉత్తరంలో చివరి పేరా గుర్తొచ్చింది. “పోయిన నెల గొంతు నొప్పి పెట్టింది నాన్నా, కంగారు పడకు. నువ్విచ్చిన డబ్బాలోంచి నాలుగు వేసుకున్నాను, హాయిగా తగ్గిపోయింది” అని నువ్వు రాసింది. నన్ను సంతోషపెట్టడానికి రాశావు.

ఆ కుర్చీలో కూర్చొని అప్పటికి రెండుసార్లు అబద్ధం ఆడాను. మూడోసారీ ఆడితే నువ్వు సముద్రం మీద రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చి, ఖాళీ అయిన నీ కడుపులోంచి ఖాళీ అయిన మీ అమ్మ కడుపుకి ఇస్తావు. ఉత్తరం మడత విప్పి ఆ పేరా మీద వేలు పెట్టి డాక్టరమ్మ ముందుకి జరిపాను.

చదివింది. “ఏ డబ్బా అండీ?” అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. తెల్లకాగితం తీసుకొని, “నెలలు చెప్పండి, రాసుకుంటాను” అంది. ఏడాదిలో అమ్మకి డబ్బాలోంచి ఎన్నిసార్లు ఇచ్చానో ఒక్కొక్కటీ తవ్వి తీశాను. పదకొండు. రాయడం అయ్యాక ఆవిడ తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. “మీరు మందుల మనిషి కాబట్టే మీ మాట నమ్మానండీ. వేరే ఎవరైనా లేదు అని ఉంటే ఆ పరీక్ష మొదటి రోజే రాసేదాన్ని” అంది. కాగితం ఫైల్లో పెట్టుకొని ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది.

కాబట్టి తల్లీ, నువ్వు ఇవ్వడానికి కుదరదు. అందుకోసం రాకు. నేనూ పనికిరాను, ఆ డబ్బా నేనూ తిన్నాను. మనింట్లో పనికొచ్చే మనిషే లేకుండా చేసుకున్నాను.

ఇక మిగిలింది పిన్ని. ఆవిడ ఈత నేర్పే కొలను దగ్గరికే వెళ్ళాను, ఇంటికెళ్తే తలుపు వేస్తుందని. పిల్లల్ని వరసగా నీళ్ళల్లోకి దింపుతోంది. మెడలో ఈల. నన్ను చూసి ఈల తీసి, “ఏంటి, అక్కకి ఏమైంది?” అంది. అమ్మ జబ్బు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నేను చెప్పనివ్వలేదు. నిలబడే చెప్పాను. ఏం కావాలో కూడా చెప్పాను. “ఆరేళ్ళ తర్వాత మొహం చూపించి, అడగడానికి మీకు ఇదే దొరికిందా బావగారూ?” అంది. నవ్వుతోందనుకున్నాను. కళ్ళనిండా నీళ్ళు. అటు తిరిగి, నీళ్ళల్లో ఉన్న పిల్లల మీద గట్టిగా ఈల వేసింది.

మా ఇంట్లో డబ్బా లేదు, వచ్చి ఇస్తాను అంది. ఒకే షరతు పెట్టింది. “డాక్టరుకి చెప్పారు సరే. అక్కకి చెప్పారా? అక్క ముఖం చూసి, అక్క చెయ్యి పట్టుకొని, ఇలా చేశానని మీరు చెప్పాకే నేను గది గుమ్మంలోకి వస్తాను.”

చెప్పాను. చేతులకి ఆ రబ్బరు తొడుగులు ఉంటాయి కదా, వాటితోనే పట్టుకున్నాను. మూడు వారాలు పోవడానికి నేను కారణమని చెప్పాను. దగ్గుకి ఇచ్చిన మాత్రల వల్లే తిరగబెట్టిందని చెప్పాను. అమ్మ అంతా విని చెయ్యి వెనక్కి లాక్కుంది. గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. ఈ రోజుకి పదమూడు రోజులు.

పిన్ని పరీక్షలన్నీ నెగ్గింది. పోయిన సోమవారం ఎక్కించారు. రెండు రోజులు అమ్మ నిద్రపోయింది, రోజుకి పద్నాలుగుసార్లు లేచే మనిషి నాలుగుసార్లే లేచింది. గంజి అడిగి తాగింది. నేను గది బయట బెంచీ మీద కూర్చొని నర్సుల మొహాలు చూసుకుంటున్నాను. మూడో రోజు జ్వరం వచ్చింది. ఇప్పుడు మళ్ళీ తొమ్మిది, పది. ఒక్కసారికి పట్టుకోకపోతే రెండోసారి పట్టుకోవచ్చు, వచ్చే సోమవారం మళ్ళీ చేద్దాం అంటోంది డాక్టరమ్మ. అదీ కాకపోతే పెద్దపేగు తీసేయాలి. “ఈ బరువుకి ఆపరేషను తట్టుకుంటుందా?” అని అడిగాను. “చెప్పలేనండీ” అంది. ఇప్పుడు ఆవిడ చెప్పే ప్రతి మాటా నమ్ముతున్నాను, అది కూడా నమ్మాను.

డబ్బా ఖాళీ చేశాను. ఆసుపత్రిలో పాత మందులు వేసే పెట్టెలో పోశాను. ఖాళీ డబ్బా కడిగి మిషను పక్కన పెట్టాను. షాపు తెరుస్తున్నాను గాని డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ యాంటీబయాటిక్ ఇవ్వడం లేదు. “ఏంటండీ, ఎప్పుడూ ఇచ్చేవారు కదా, రెండు గోలీలకి ఇంత బెట్టా?” అంటున్నారు. సందు చివరి షాపుకి పోతున్నారు. సగం డాక్టరుకి మతి పోయింది అనుకుంటున్నారని పక్కనే టైర్లకి గాలి కొట్టే అతను చెప్పాడు. పేరు మంచిదే పెట్టారు అన్నాను. అతను నవ్వలేదు.

నీ పెట్టెలో ఉన్న చిన్న డబ్బా ముట్టుకోకు. వచ్చేటప్పుడు తీసుకురా. గొంతు నొప్పి వస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించు, తగ్గకపోతే పడవలో వచ్చే డాక్టరుకి చూపించు, ఆయన ఏదడిగినా నిజం చెప్పు. ఇవ్వడానికి కాకపోయినా, చూడటానికి మాత్రం రా. ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా రా.

ఈ ఉత్తరం నా అంతట నేను రాస్తున్నది కాదు. నిన్న పిన్ని గదిలోంచి బయటికి వచ్చి, “అక్క ఒక మాట చెప్పమంది. అమ్మాయికి ఆయన చేత్తో ఆయనే రాయాలట, డబ్బా సంగతి మొదట్నుంచీ రాయాలట. రాసింది తను చదివాకే పంపాలట” అంది. అమ్మ పంపిన మాట కాబట్టి నాకు తిట్టయినా పండగలాగే అనిపించింది. రేపు పొద్దున కాగితాలు పిన్ని చేతికిస్తాను. అమ్మ చదివాక కవరు అంటించి పోస్టులో వేసేది కూడా పిన్నే. ఇందులో నేను దాచింది ఏమీ లేదు.

నీ మీద కోపం తెచ్చుకోవద్దని అడిగే ధైర్యం లేదు. ఉత్తరం రాస్తే అమ్మకి రాయి. నాకు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

ఇట్లు
నిన్నూ మీ అమ్మనీ ఒకే డబ్బాతో పెంచిన
నాన్న

అమ్మడూ, ఇది అమ్మ చేత్తో. పిన్ని అట్ట పట్టుకుంటే పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

మీ నాన్న రాసింది చదివాను. ‘పొరపాటు’ అని రాసిన చోట ‘అబద్ధం’ అని చదువుకో. మిగతాదంతా నిజమే. రెండోసారి ఆయన ఏమీ ఇవ్వలేదన్నది కూడా నిజం.

పదకొండు కాదే, పన్నెండు. రెండోసారి ఇంటికొచ్చినప్పుడు బడి తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది, నడుము నిలవట్లేదు, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఆయన షాపులో ఉన్నప్పుడు నేనే డబ్బా మూత తీశాను. చేతికి దొరికినవి మూడు రోజులు వేసుకొని చొక్కాలు కుట్టాను. డాక్టరమ్మకి చెప్పేశాను, ఆ కాగితంలోనే కింద రాసుకుంది.

మీ నాన్నకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఇప్పుడే తెలిస్తే ఆ బరువులో సగం నా మీదకి దించేసి, మళ్ళీ సగం డాక్టరై కూర్చుంటారు. నేను ఇంటికొస్తే నేనే చెబుతాను, ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు.

రాకపోతే మాత్రం నువ్వు చెప్పు. వెంటనే చెప్పు. అప్పుడు అదంతా ఆయన ఒక్కరే మొయ్యలేరు.

చదివాక చేతులు సబ్బుతో కడుక్కో.

అమ్మ